పాత స్నోమొబైల్ కొంటున్నారా? అపోహలు – వాస్తవాలు

మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియో లాంటి చోట్ల చలి మొదలైతే చాలు, పాత స్నోమొబైళ్ల బేరాలు జోరందుకుంటాయి. కొత్త బండి కొనాలంటే చాలా మోడళ్లు పది వేల డాలర్లు దాటుతాయి. ‘చిన్న రిపేరుంది, అంతే’ అంటూ పాతదాన్ని వెయ్యికో, పదిహేను వందలకో ఇచ్చేస్తామంటారు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో మంచు మీద షికార్ల సరదా ఉన్నవారికి ఆ ధర ఊరిస్తుంది. ఏ భాగం పాడైందో అమ్మేవారే చెబుతారు. ఎందుకు పాడైందో మాత్రం కొనేవారే తేల్చుకోవాలి. అది అడగకపోవడం వల్లే ఈ అపోహల్లో చాలావరకు చలామణీ అవుతున్నాయి.

అపోహ: కార్బ్యురేటర్ కడిగితే చాలు, బండి పరుగెడుతుంది.

వాస్తవం: కొన్నిసార్లు నిజమే. ఇథనాల్ కలిసిన పెట్రోలు వేసవంతా నిలవ ఉంటే జిగురు కట్టి, కార్బ్యురేటర్‌లోని సన్నటి జెట్లను మూసేస్తుంది. అయితే క్రాంక్‌షాఫ్ట్ సీలు ఎండిపోయినా, కార్బ్యురేటర్‌ను ఇంజిన్‌కు కలిపే రబ్బరు బూటు పగిలినా లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. చోక్ తీస్తే ఆగిపోతుంది, ఐడిల్‌లో నిలవదు. ఆ సందుల్లోంచి గాలి దూరితే పెట్రోలు పాలు తగ్గి, వేడి పెరిగి, చివరికి పిస్టన్ కరుగుతుంది. అందుకే కంప్రెషన్ గేజ్ వెంట తీసుకెళ్లండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, తాడు లాగుతూ ఒక్కో సిలిండర్‌ను చూడండి. చాలా ఇంజిన్లలో 120 పీఎస్‌ఐ దరిదాపుల్లో చూపుతుంది. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం మించితే లోపల ఏదో తేడా ఉందని అనుమానించాలి. సీలు లీకును మాత్రం ఈ గేజ్ పట్టలేదు. దానికి మెకానిక్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించాలి.

అపోహ: పిస్టన్ పోతే కొత్తది వేయిస్తే సరి.

వాస్తవం: పాత మోడళ్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజిన్లే. ఒకప్పుడు ఆర్‌ఎక్స్ 100 బైకు నడిపినవారికి దీని తీరు తెలుసు: పెట్రోలుతో పాటు లోపలికి వెళ్లే ఆయిలే పిస్టన్‌కూ, బేరింగులకూ రక్ష. ఆయిల్ పంపు సరిగ్గా అందించకపోయినా, జెట్ పూడుకున్నా, గాలి లీకైనా ఇంజిన్ పట్టేస్తుంది. ఆ కారణాన్ని వదిలేసి కొత్త పిస్టన్ వేస్తే అదీ పట్టేస్తుంది. పైగా కరిగిన అల్యూమినియం తునకలు కిందికి రాలి క్రాంక్ బేరింగుల్లో చేరితే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

అపోహ: తక్కువ మైళ్లు తిరిగిన బండే మంచిది.

వాస్తవం: ఏళ్ల తరబడి షెడ్డులో కదలకుండా పడి ఉన్నదానికీ మైళ్లు తక్కువే ఉంటాయి. టూ స్ట్రోక్ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవ ఉండదు. లోపల అంటుకున్న పల్చటి పొర ఆరిపోతే, తేమకు బేరింగులు తుప్పుపడతాయి. ఎయిర్‌బాక్సులో ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. సీజను ముగియగానే ఏటా ఇంజిన్ లోపల తుప్పు పట్టకుండా ఫాగింగ్ ఆయిల్ కొట్టి దాచిన బండి, మైళ్లు ఎక్కువున్నా అలా పడి ఉన్నదానికంటే నయం.

అపోహ: స్టార్ట్ అయిందంటే ఇక భయం లేదు.

వాస్తవం: ముందే వేడెక్కించి ఉంచితే ఎలాంటి ఇంజిన్ అయినా తేలిగ్గా అందుకోవచ్చు. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే హుడ్ తెరిచి, ఇంజిన్ చల్లగా ఉందో లేదో గమనించండి. ఆ తర్వాత కిందికి వంగి చూడండి. ట్రాక్ రబ్బరు పళ్లు ఊడాయా, అంచులు చిరిగాయా, సీటు కింద పొడవునా ఉండే అల్యూమినియం టనెల్ వంగిందా, పగిలిందా? స్కీలను పట్టుకుని ఊపితే స్టీరింగ్ లూజు తెలుస్తుంది. లిక్విడ్ కూలింగ్ బళ్లలో ట్రాక్ చిమ్మే మంచే కూలెంటును చల్లబరుస్తుంది. కాబట్టి మంచు లేని నేల మీద ఎక్కువసేపు నడిపి చూడకూడదు.

అపోహ: కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: మిన్నెసోటాలో స్నోమొబైల్‌కు కారుకున్నట్లు టైటిల్ (యాజమాన్య పత్రం) ఉండదు, సహజ వనరుల శాఖ రిజిస్ట్రేషనే ఆధారం. టనెల్ కుడివైపు ముద్రించిన నంబరు, రిజిస్ట్రేషన్‌లోని నంబరు, అమ్మేవారి పేరు మూడూ సరిపోవాలి. 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టిన అక్కడి నివాసులకు స్నోమొబైల్ భద్రతా శిక్షణ ధ్రువపత్రం కూడా ఉండాలి.

అపోహ: పని నేర్చుకోవడానికి బాగా పాడైనదే మేలు.

వాస్తవం: నడుస్తున్న బండి మీద పైపై పనులతో మొదలుపెడితేనే చెయ్యి తిరుగుతుంది. డ్రైవ్ బెల్ట్, ట్రాక్ లోపలి ప్లాస్టిక్ స్లైడర్లు, స్కీల కింది కార్బైడ్ కడ్డీలు, చైన్‌కేస్ ఆయిల్ మార్చడం కొత్తవారికి అందే పనులే. ఫ్యాన్ కూలింగ్ మోడలైతే కూలెంట్ గొట్టాల బెడద కూడా ఉండదు. పట్టేసిన ఇంజిన్ జోలికి, పగిలిన టనెల్ జోలికి మొదటిసారే వెళ్లొద్దు. అదే మోడల్ మంచి కండిషన్లో ఎంత పలుకుతుందో కనుక్కోండి. అందులోంచి విడిభాగాల ధర, మెకానిక్ కూలీ తీసేయండి. బయటపడని లోపాల కోసం ఇంకొంత తగ్గించండి. మిగిలిందే మీరు ఇవ్వదగిన ధర. అమ్మేవారు అంతకంటే ఎక్కువ అడిగితే, రిపేరు లేని బండి కొనడమే చవక.