లెక్క ఎవరిది? బిడ్డలు ఎవరివాళ్ళు?



ఇంట్లో ఒకరికి షుగరు వ్యాధి ఉందని తెలియగానే వారి పథ్యం సంగతి ఆలోచిస్తాం. ఆ వెనకే ఇంకో బెంగ పట్టుకుంటుంది – ‘మరి పిల్లల మాటేమిటి?’ అని. సరిగ్గా ఈ మాటే కెనడాలో ఒక ఆదివాసుల ఊరి పెద్దలు అడిగారు. దాని ఫలితం ఏమయిందో వినండి.

మాంట్రియల్ నగరానికి దగ్గరలో, సెయింట్ లారెన్స్ నది ఒడ్డున కానవాగే అనే ఊరుంది. అక్కడివారు మోహాక్ జాతివారు. 1980–90 మధ్య అక్కడి వైద్యులు పరీక్షించి చూస్తే, 45 నుంచి 64 ఏళ్ళ వారిలో నూటికి 12 మందికి మధుమేహం ఉందని తేలింది. వైద్యులు ఆ లెక్కను వైద్య పత్రికకు పంపి ఊరుకోలేదు. ఊరివారిని కూర్చోబెట్టి చెప్పారు. అప్పుడు పెద్దవాళ్ళు, “మా సంగతి సరే, పిల్లలకు రాకుండా ఏదైనా చెయ్యండి” అన్నారు.

అలా 1994లో బడిపిల్లల కోసం పథకం మొదలైంది. విశ్వవిద్యాలయాల పరిశోధకులు వచ్చారు గాని, పెత్తనం వాళ్ళది కాదు. ఊరివారితో ఒక సంఘం ఏర్పడింది. ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో చెప్పేది ఆ సంఘమే. బడిలో ఆరోగ్య పాఠాలు పెట్టారు. చిరుతిళ్ళ మీద కట్టుబాట్లు పెట్టారు. ఆటపాటలు పెంచారు.

అన్నిటికంటే మెచ్చుకోవలసింది వాళ్ళు రాసుకున్న నియమావళి. సేకరించిన వివరాలు ఊరివి. ఫలితాలు బయట ప్రకటించే ముందు ఊరివారికి చెప్పాలి. అభిప్రాయభేదం వస్తే వాళ్ళ మాట కూడా అచ్చుకావాలి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయి ఆదివాసులున్నారు. 1990 నుంచి వాళ్ళు మధుమేహం పరిశోధన కోసమని నమ్మి రక్తం ఇచ్చారు. వాళ్ళకు తెలియకుండానే ఆ రక్తం మీద మానసిక వ్యాధుల గురించి, పూర్వీకుల వలసల గురించి కూడా పరిశోధనలు జరిగాయి. విషయం కోర్టుకెక్కింది. చివరకు 2010లో 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తాన్ని వాళ్ళకు తిరిగి అప్పగించారు. పోయిన నమ్మకం డబ్బుతో వస్తుందా?

ఇంతకీ కానవాగే పిల్లలు బాగుపడ్డారా? దాపరికం లేకుండా చెప్పాలంటే, మొదట్లో కొంత గుణం కనిపించింది గాని అది నిలబడలేదు. పిల్లల బరువు తగ్గలేదు. ఆ సంగతి వాళ్ళు దాచలేదు, అచ్చువేయించారు. పనీ మానలేదు. ఇతర ఆదివాసుల ఊళ్ళవారికి కూడా ఈ పద్ధతి నేర్పారు. ఏ నిర్ణయమైనా రాబోయే ఏడు తరాలను తలచుకుని చేయాలని వాళ్ళ సంప్రదాయం. అటువంటివారికి పదేళ్ళు ఒక లెక్కా!

మనకూ ఇందులో పాఠం ఉంది. బడిలో పిల్లల బరువులు తూచినా, ఇంటికొచ్చి ఎవరైనా ఆరోగ్య వివరాలు రాసుకున్నా, తల వూపి ఊరుకోకండి. ఇది ఎందుకు? ఎవరు చూస్తారు? ఫలితం మాకెప్పుడు చెబుతారు? – ఈ మూడు ప్రశ్నలూ అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. బిడ్డలు మనవాళ్ళు కదా!