జబ్బు చేసిన కుక్కకు వైద్యం ఎంతవరకు?

పెంపుడు కుక్కకు పెద్ద జబ్బు చేసినప్పుడు ఇంట్లో రెండు మాటలు వినబడతాయి. "ఎంత ఖర్చయినా సరే, పట్నం తీసుకుపోయి చూపిద్దాం" అని ఒకరంటారు. "నోరులేని జీవాన్ని ఇంకా ఎందుకు బాధపెట్టడం?" అని మరొకరంటారు. ఇద్దరిదీ ప్రేమే. ఏ మాట ఎప్పుడు సరి అయినదో చెప్పడానికి ముందుగా ఒక సంగతి తేలాలి. చెడిపోయిన అవయవం తిరిగి బాగుపడగలదా, లేదా? మూత్రపిండాల జబ్బును ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

కుక్క ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 4 లక్షల నెఫ్రానులు వుంటాయి. నెఫ్రాను అంటే రక్తాన్ని వడబోసే అతి చిన్న యంత్రమనుకోవచ్చు. దాని మొదట్లో రక్తకేశనాళికల గుచ్ఛం ఒకటి, దానిని అంటుకొని ఒక సూక్ష్మనాళం వుంటాయి. గుచ్ఛంలో రక్తం వడగట్టబడుతుంది. ఆ ద్రవం నాళం గుండా పోయేటప్పుడు శరీరానికి కావలసిన నీరు, లవణాలు తిరిగి రక్తంలో చేరతాయి. మిగిలినది మూత్రం. కండరాల్లో పుట్టే క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం ఈ దారినే బయటికి పోతుంది. ఆరోగ్యంగా వున్న కుక్క రక్తంలో ఇది 100 మిల్లీలీటర్లకు సాధారణంగా 1.4 మిల్లీగ్రాముల లోపున వుంటుంది.

మూత్రపిండాలకు అవసరానికి మించిన శక్తి వున్నది. నెఫ్రానులలో మూడింట రెండు వంతులు పోయేవరకు మూత్రాన్ని చిక్కబరచే శక్తి అంతగా తగ్గదు. నాలుగింట మూడు వంతులు పోయేవరకు రక్తంలో క్రియాటినిన్ స్పష్టంగా పెరగదు. కాబట్టి కుక్క నీళ్లు ఎక్కువగా తాగుతున్నదని మనం గమనించేసరికే చాలా నష్టం జరిగిపోయి వుంటుంది.

ఇప్పుడు రెండు కుక్కలను ఊహించుకొందాం. మొదటిది 3 ఏళ్లది. వానాకాలంలో నిలవనీటిలో తిరిగింది. నిన్నమొన్నటివరకు చురుకుగా వుండి, ఒక్కసారిగా జ్వరం, వాంతులతో పడిపోయింది. రెండవది 13 ఏళ్లది. కొన్ని నెలలుగా బిందెడు నీళ్లు తాగుతున్నది, చిక్కిపోతున్నది. ఇప్పుడు అన్నం ముట్టడం మానేసింది. రెండింటికీ రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 6 మిల్లీగ్రాములని వచ్చింది. సంఖ్య ఒకటే. కాని అర్థం ఒకటి కాదు.

మొదటి కుక్కకు వచ్చినది లెప్టోస్పైరోసిస్ కావచ్చు. మన వాడుకలో దీనిని ఎలుక జ్వరం అంటారు. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటినుండి వచ్చే సూక్ష్మజీవులు నెఫ్రానుల నాళాలలోని కణాలను దెబ్బతీస్తాయి. అయితే ఆ కణాలకు ఆధారమైన పొర చెడకుండా వుంటే, మిగిలిన కణాలు విభజన చెంది నాళాన్ని తిరిగి కప్పుతాయి. అందుకు కొన్ని రోజులో, వారాలో పడుతుంది. అంతవరకు సెలైను ఎక్కించి, పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులిచ్చి ప్రాణం నిలబెట్టాలి. సకాలంలో వైద్యం అందితే ఇలాంటి కుక్కలు చాలావరకు కోలుకుంటాయి. ఇక్కడ వీలైనంత దూరం వెళ్లడమే న్యాయం. ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది కాబట్టి దాని మూత్రాన్ని శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోవాలి.

రెండవ కుక్క సంగతి వేరు. ఏళ్ల తరబడి ఒక్కొక్క నెఫ్రానే నశించి, ఆ చోట పనికిరాని నారకణజాలం ఏర్పడింది. కొత్త నెఫ్రానులు పుట్టవు. అల్ట్రాసౌండు పరీక్షలో ఇలాంటి మూత్రపిండాలు తరచు చిన్నవిగా, గతుకులుగా కనిపిస్తాయి. ఎర్రరక్తకణాల ఉత్పత్తిని ప్రేరేపించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను తగ్గడంవల్ల రక్తహీనత కూడా వుంటుంది. ఈ రెండు గుర్తులూ జబ్బు పాతదని చెబుతాయి.

పాతదని తెలియగానే ఆశ వదులుకోవాలా? అక్కరలేదు. పెరిగిన క్రియాటినిన్‌లో కొంత భాగం ఒంట్లో నీరు తగ్గడంవల్ల వచ్చినది కావచ్చు. 2, 3 రోజులు సెలైను ఎక్కించి మళ్లీ రక్తం పరీక్షిస్తే ఆ భాగమెంతో తేలుతుంది. సంఖ్య 3కు దిగి, కుక్క తిండి మొదలుపెడితే, భాస్వరం తక్కువైన ఆహారంతో, వాంతులు ఆపే మందులతో, రక్తపు పోటును అదుపులో వుంచి, అది ఇంకా కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలం సుఖంగా బ్రతకవచ్చు. సంఖ్య దిగకుండా, తిండి ముట్టకుండా వుంటే, అదే సెలైనును మరి పది రోజులు ఎక్కించినందువల్ల పోయిన నెఫ్రానులు తిరిగిరావు. కనుక వైద్యం ప్రారంభించేటప్పుడే గడువు పెట్టుకొని, ఆ రోజున ఏమి చూసి నిర్ణయిస్తామో ముందే అనుకోవడం మంచిది.

మనిషి రేపటి సుఖం కోసం నేటి సూది బాధ ఓర్చుకుంటాడు. కుక్కకు ఆ లెక్క తెలియదు. దానికి తెలిసినది ఈ రోజు ఎలా వున్నదన్నదే. అందువల్ల దాని రోజులను మనం కొలవాలి. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో దీనికొక పద్ధతి సూచించారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డరోజులకంటె మంచిరోజులు ఎక్కువ కావడం అనే 7 విషయాలకు తలా 10 మార్కుల లోపు వేస్తారు. మొత్తం 35 దాటితే వైద్యం కొనసాగించవచ్చునని ఆ పద్ధతి చెబుతుంది. గోడమీది క్యాలెండరులో మంచిరోజుకు ఒక గుర్తు, చెడ్డరోజుకు మరొకటి వేసుకున్నా చాలు. ప్రేమ మరచిపోయే సంగతులు ఆ కాగితం జ్ఞాపకం పెట్టుకుంటుంది.

బాధ చూడలేక మనం వాడే నొప్పిమాత్రలు మాత్రం ఇవ్వరాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేసి, మిగిలిన మూత్రపిండాలనూ చెరుస్తాయి.

చెడ్డరోజులే మిగిలినప్పుడు కారుణ్యమరణం ఒక మార్గం. పశువైద్యుడు బార్బిట్యురేట్ జాతి మత్తుమందును ఎక్కువ మోతాదులో రక్తనాళంలోకి ఎక్కిస్తాడు. కొన్ని సెకండ్లలో కుక్క స్పృహ కోల్పోతుంది. ఆ తరువాతనే శ్వాస, గుండె ఆగిపోతాయి. అది చంపడం కాదా అని పిల్లలు అడుగుతారు. దాచకుండా జవాబు చెప్పవలసిన ప్రశ్న అది. చావును ఆపే శక్తి మనకు లేనప్పుడు, బాధను ఆపే శక్తి మాత్రం వున్నది.

ఖర్చు మాట ఎత్తడం పాపమేమీ కాదు. ఇంటి పిల్లల చదువు, పెద్దల మందులు కూడా ఆ జేబునుండే రావాలి. ఖర్చు చెబితే వైద్యుడు దానికి తగిన మార్గం సూచించగలడు.

మొదటి కుక్క విషయంలో తొందరపడి ఆశ వదులుకోవడం ఎంత పొరపాటో, రెండవ కుక్కను వదలలేక బాధను సాగదీయడం అంత పొరపాటు. కాబట్టి వైద్యునివద్దకు పోయినప్పుడు "ఇంకా ఏమి చేయవచ్చు?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగరాదు. ఈ జబ్బు తిరిగి బాగయ్యేదేనా, ఆ సంగతి ఎన్ని రోజుల్లో తెలుస్తుంది, ఆ రోజులు కుక్కకు ఎలా గడుస్తాయి, అని అడగాలి. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఎంతవరకు వెళ్లాలో ఇంటివారే నిర్ణయించుకోగలరు.