గచ్చిబౌలా... కొండాపూరా... ఏ బడి మంచిది?

అద్దాల మేడలు, ఫ్లైఓవర్లు, కాఫీ షాపులు... వాటి మధ్యలో ఎక్కడో ఓ ప్రహరీ గోడ, గేటు మీద ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అన్న బోర్డు. రాయదుర్గంలో ఒకటి, గచ్చిబౌలిలో ఒకటి, కొండాపూర్‌లో ఒకటి. ట్రాఫిక్ కనికరిస్తే ఆటోలో గంటలోపే మూడూ చుట్టిరావచ్చు. అటు శేరిలింగంపల్లి, చందానగర్, మియాపూర్‌లలో ఉన్నాయి. ఇటు మణికొండ, పుప్పాలగూడ, నార్సింగిలలోనూ ఉన్నాయి. అడ్రసు చూస్తే మహానగరం, బోర్డు చూస్తే పల్లెటూరు!

కారణం పాతదే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి ఇవన్నీ రంగారెడ్డి జిల్లాలోని శివారు ఊళ్లు. శేరిలింగంపల్లి 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. బడులు మాత్రం జిల్లా పరిషత్ పేరుతోనే ఉండిపోయాయి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటినప్పుడు దేశమంతా నోరెళ్లబెట్టింది. ఆ చుట్టుపక్కల ఏ బడిలో లెక్కల మాస్టారు ఉన్నారో, ఎక్కడ లేరో ఆరా తీసినవాళ్లు మాత్రం తక్కువే.

అక్కడ ఇల్లే బడి

ఈ ప్రాంతంలో ఉద్యోగం చేసే మనవాళ్లకి ప్రభుత్వ బడుల్ని పోల్చడం తెలియదనుకుంటే పొరపాటు. అమెరికా వెళ్లగానే వాళ్లు చేసే మొదటి పని అదే! జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీ సంగతే చూడండి. తెలుగువాళ్లు బాగా స్థిరపడిన చోటు. కౌంటీ మొత్తానికి ఒకటే స్కూల్ బోర్డు. దాని కిందే సౌత్ ఫోర్సైత్, లాంబర్ట్, డెన్మార్క్ హైస్కూళ్లు. ఇల్లు ఏ గీతకి ఇటుంటే ఆ బడి. లాంబర్ట్ 2009లో, డెన్మార్క్ 2018లో మొదలయ్యాయి. ఇలా కొత్త బడి వచ్చినప్పుడల్లా ఆ గీతలు జరుగుతాయి, వాటితోపాటే అమ్మానాన్నల గుండెలూ. సగటు శాట్ స్కోరెంత, అడ్వాన్స్‌డ్ కోర్సులెన్ని అని రాత్రుళ్లు కూర్చుని లెక్కలేసి ఇల్లు కొంటారు. మూడూ సర్కారు బడులే. పైగా ఇంటి పన్నులో పెద్ద వాటా బడికే పోతుంది కాబట్టి, పిల్లలు లేనివాళ్లు కూడా బడి బాగోగులు పట్టించుకుంటారు. బడి పేరు పోతే ఇంటి ధరా పడుతుందిగా!

అదే కుటుంబం తిరిగొచ్చి కొండాపూర్‌లో ఫ్లాటు తీసుకుంటే పోలిక సీబీఎస్‌ఈకీ ఇంటర్నేషనల్‌కీ మధ్యే. పక్క వీధిలోని జిల్లా పరిషత్ బడి ఆ జాబితాలోకే రాదు. ఇక్కడ టీచర్ల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. బడి ఎలా ఉన్నా ఫ్లాటు ధర పెరుగుతూనే ఉంటుంది.

మరి పోల్చేదెవరు? ఆ ఫ్లాట్లలో వంట చేసేవాళ్లు, గేటు దగ్గర కాపలా ఉండేవాళ్లు, పక్కన లేస్తున్న టవర్‌కి సెంట్రింగు కొట్టేవాళ్లు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకి స్కోర్లతో పనిలేదు. పిల్ల ఒక్కతే రోడ్డు దాటగలదా, ఇంగ్లిషు మీడియం ఉందా, ఆడపిల్లలకి తలుపున్న, నీళ్లున్న మరుగుదొడ్డి ఉందా... ఇవే వాళ్ల ప్రశ్నలు. నిజానికి ఏ రేటింగు కన్నా ఇవే మెరుగైన కొలతలు.

మీడియం సంగతి కొంత తేలింది. 2008లో ‘సక్సెస్’ పాఠశాలల పేరుతో ఆరో తరగతి నుంచి సమాంతరంగా ఇంగ్లిషు మీడియం మొదలైంది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులన్నిటా ఒకటి నుంచి ఎనిమిది వరకూ ఇంగ్లిషు మీడియమే అన్నారు. ఓ పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగుతో పాఠ్యపుస్తకాలు అచ్చేశారు. పోయినేడాది దాకా ఒడియాలోనో హిందీలోనో చదివి వచ్చిన పిల్లాడికి మాత్రం ఎడమ పేజీ, కుడి పేజీ రెండూ కొత్తే.

నూటికి నూరు వెనక...

ఏ బడి మంచిదని అడిగితే ఎవరైనా చెప్పేది పదో తరగతి ఫలితం. 2025లో రాష్ట్రమంతా కలిపి 92.78 శాతం పాసయ్యారు. రంగారెడ్డిని ఆనుకుని ఉన్న వికారాబాద్ జిల్లాలో 73.97 శాతమే. జిల్లాల మధ్య తేడా చెప్పడానికి ఈ అంకెలు పనికొస్తాయి. పక్కపక్క బడుల్ని పోల్చడానికి మాత్రం వీటిని నమ్ముకోకూడదు.

ఎందుకో చూడండి. ఒక బడిలో ఇరవై మంది పరీక్ష రాస్తే పందొమ్మిది మంది గట్టెక్కారు. తొంభై అయిదు శాతం. ఇంకో బడిలో నూట ఇరవై మంది రాస్తే నూట రెండు మంది పాసయ్యారు. ఎనభై అయిదు శాతం. బోర్డు మీద మొదటిదే గొప్ప. కానీ, అందులో ఒక్క పిల్లాడికి జ్వరం వచ్చినా అయిదు శాతం కిందికి జారిపోతుంది. రెండోది అయిదింతల మందిని గట్టెక్కించింది. అందుకే ఈ వ్యాసంలో ‘నంబర్ వన్ బడి’ కోసం వెతక్కండి.

దానికన్నా పనికొచ్చే లెక్క ఒకటుంది. రెండేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, ఈ ఏడాది పదో తరగతి పరీక్ష ఎంతమంది రాశారు? మధ్యలో తగ్గినవాళ్లు ఎక్కడికెళ్లారు? విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల వరకే. ఎనిమిది దాటిన పిల్లని ‘ఇక చాల్లే, నాతోపాటు పనికి రా’ అని తల్లి తీసుకెళ్తే అడిగే చట్టం బలహీనం. మగపిల్లాడైతే ఏ కొరియర్ సంచో భుజానికెక్కుతుంది. అసలు పరీక్ష తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గరే జరిగిపోతుంది. ఆ పరీక్షలో తప్పినవాళ్లు పది ఫలితాల శాతంలో కనపడరు.

ఇక్కడ బడిని తొందరపడి తిట్టకూడదు కూడా. టవర్ పూర్తయితే మేస్త్రీ కుటుంబం ఇంకో సైటుకి పోతుంది. పిల్లాడు గచ్చిబౌలి రిజిస్టరులోంచి నార్సింగి రిజిస్టరులోకి వెళ్తే మంచిదే. ఏ రిజిస్టరులోనూ లేకపోతేనే బెంగ. పిల్లలు ఎందుకు తగ్గారో హెడ్మాస్టరు పేరుపేరునా చెప్పగలిగితే, అది మంచి బడి అనడానికి నా వరకు అదే పెద్ద సాక్ష్యం.

ఈ అంకెలు దొరకనివేం కావు. దేశంలో ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ నంబరుంటుంది. తరగతులవారీగా పిల్లలెంతమంది, టీచర్లెందరు, మరుగుదొడ్లు, ల్యాబులు ఉన్నాయా అన్నది ఏటా నమోదవుతుంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కాకపోతే అది బడి నింపి పంపిన సమాచారం. ‘మరుగుదొడ్డి ఉంది’ అని ఉంటుంది, తాళం వేసి ఉందని ఉండదు. అందుకే ఒకసారి బడికి వెళ్లి చూడాలి.

వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఏ సబ్జెక్టుకి టీచరు లేరు? నగరంలో ఇంటి అద్దె భత్యం ఎక్కువ కాబట్టి ఇక్కడికి రావాలని పోటీ ఉంటుంది. బదిలీల లెక్కలో మారుమూల పనిచేసినవారికి పాయింట్లు ఎక్కువ. అంటే ఇక్కడికి చేరేవారిలో అనుభవజ్ఞులు ఎక్కువే ఉంటారు. అయినా ఒక్క భౌతికశాస్త్రం పోస్టు ఖాళీగా ఉంటే ఆ ఏడాది పదో తరగతి పిల్లలకి ఆ అనుభవాలేవీ అక్కరకు రావు.

రెండోది, ఎనిమిదో తరగతి నుంచి ఎంతమంది ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాశారు? ఇది కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకూ ఏటా 12 వేల రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ప్రైవేటు బడి పిల్లలకి ఈ అవకాశమే లేదు. తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గర కూతుర్ని ఆపేద్దామనుకున్న తల్లిని వెనక్కి తగ్గించే శక్తి ఈ డబ్బుకుంది. పిల్లల చేత దరఖాస్తులు నింపించి, సాయంత్రాలు కూర్చోబెట్టి తర్ఫీదిచ్చే టీచరు ఏ బడిలో ఉన్నారో తెలిస్తే మీ పోలిక సగం పూర్తయినట్టే.

మీ ఇంట్లో పనిచేసే ఆవిడ పిల్లల్ని ఏ బడిలో వేయాలని అడిగితే ఈ వివరాలు చెప్పండి. టీసీ లేదని వెనకాడుతుంటే అదీ చెప్పండి: ఎనిమిదో తరగతి వరకూ టీసీ ఆలస్యమైందని, వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా పంపేయడానికి చట్టం ఒప్పుకోదు. బడి మధ్యలో మానేసిన పిల్లలైనా వయసుకు తగ్గ తరగతిలో చేరొచ్చు. తెలంగాణలో వేసవి సెలవుల తర్వాత బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. ఆ రోజుల్లోనే ‘బడిబాట’ పేరుతో టీచర్లు ఇంటింటికీ, కూలీల గుడిసెలకీ తిరుగుతారు. వాళ్లొచ్చే వేళకి అమ్మానాన్నలు పనిలో ఉంటారు. పిల్లలు ఏ గుడిసెలో ఉన్నారో తెలిసిన వాచ్‌మన్ మీ అపార్టుమెంటు గేటు దగ్గరే ఉంటాడు.