మార్లవాయిలో హైమండార్ఫ్ దంపతులు

నిర్మల్ నుండి ఆదిలాబాదుకు పోయే జాతీయ రహదారిపై ఇచ్చోడ ఉన్నది. దానికి తూర్పుగా ఉట్నూరు, జైనూరుల వైపు సాగిన కొండలూ అడవులూ రాజగోండుల నివాసభూమి. ఆ కొండల నడుమ మార్లవాయి అనే చిన్న పల్లె ఉన్నది. 2016 నుండి అది కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో చేరింది. 1941లో ఆ పల్లెకు వియన్నా నగరవాసి అయిన ఒక యువకుడు భార్యాసమేతంగా కాపురానికి వచ్చారు. ఆయన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. ఆమె ఆంగ్ల వనిత ఎలిజబెత్. ఆమెను బెట్టీ అని పిలిచేవారు.

స్వదేశాన్ని విడిచి, పరదేశంలో ప్రజల నడుమ నివసిస్తూ సేవచేసే యువకులనగానే మనకు మిషనరీలు స్ఫురిస్తారు. ఆదివారం ఆరాధన, తక్కిన దినాలలో బడి, పల్లెల పర్యటన, స్థానిక భాషాభ్యాసం: ఇదీ వారి వారపు క్రమం. గోండుల గాథలను తొలుత లిఖించిన వారిలోనూ ఒక మిషనరీ ఉన్నారు. 1845లో నాగపూరు చేరిన స్కాట్లాండు దేశీయుడు స్టీఫెన్ హిస్లాప్ గోండుల లింగో గాథను సేకరించారు. 1863లో వాగు దాటుతూ మునిగి మరణించారు. ఆయన వ్రాతలు 1866లో గాని వెలువడలేదు. హైమండార్ఫ్ మతబోధకులు కారు, మానవశాస్త్రవేత్త. ఆయన వారంలో ఆదివారపు ప్రసంగం లేదు. పర్యటన, భాషాభ్యాసం, ఆపై బడి మాత్రం ఉన్నాయి.

ఆయన మన ప్రాంతంలో నిలిచిపోవడానికి కారణం యుద్ధం. 1909లో జన్మించిన హైమండార్ఫ్ 1936లోనే భారతదేశానికి వచ్చి నాగా కొండలలో పరిశోధన చేశారు. 1939లో మళ్లీ వచ్చినప్పుడు రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను జర్మనీ ఆక్రమించుకొన్నందున ఆయన వద్ద ఉన్నది జర్మను పాస్‌పోర్టు. ఆ విధంగా శత్రుదేశీయుడై, హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటకుండ నిర్బంధింపబడ్డారు. ఆ నిర్బంధంలోనే ఆయన చెంచులను, కొండరెడ్లను, పిదప గోండులను అధ్యయనం చేశారు. చెరలో ఇంతటి పని సాధించినవారు అరుదు.

అప్పటికి గోండుల బ్రతుకు కల్లోలంగా ఉన్నది. తాతల నాటి నుండి దున్నుకొంటున్న నేలకు వారి చేతిలో పట్టాలు లేవు. ఆ నేలలో కొంత రిజర్వు అడవిగా ప్రకటింపబడింది. పల్లెలు ఖాళీ చేయించారు. మిగిలిన దానిపై షావుకార్ల కన్ను పడింది. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం, ఆయన అనుచరులు కాల్పులలో నేలకొరిగారు. ఆ మరుసటి ఏడే హైమండార్ఫ్ మార్లవాయికి వచ్చారు.

ఆ దంపతులు గోండుల ఇండ్లవంటి గడ్డికప్పు ఇంటిలోనే నివసించారు. ఊరి పెద్ద లచ్చు పటేలు వారికి ఆప్తుడు. పగలు పొలాలలో ఉండేవారు రాత్రికి గాని తీరికగా దొరకరు. కనుక పరిశోధకుని దినచర్య పంటలను, పండుగలను అనుసరించవలసిందే. పర్ధానులు కిక్రి వాయిస్తూ గానం చేసే వంశగాథలను, పూజావిధులను వ్రాసికొన్నారు. దీపావళి నాటి దండారి ఆటలను, పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపూరులో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరను కనులారా చూశారు. బెట్టీ కేవలం తోడు వచ్చిన ఇల్లాలు కాదు. 1948లో వెలువడిన రాజగోండుల గ్రంథంలో ఆమె శ్రమ కూడా ఉన్నది. గోండి భాష నేర్చుకొన్నందువల్ల దుబాసీ పని తప్పింది. గోండు తన కష్టాన్ని తన మాటలలోనే చెప్పుకొన్నాడు. ఆ వినికిడే తరువాతి పనులన్నింటికీ మూలమైంది.

1943లో గోండుల విద్యా పథకం మార్లవాయిలో ఆరంభమైంది. బడి పెట్టడం కంటె బడిపంతులు దొరకడం కష్టమైంది. ఎంతో కొంత చదువు వచ్చిన గోండు యువకులను వెదకి, అక్కడి కేంద్రంలో ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. గోండి వాచకాలను దేవనాగరి లిపిలో సిద్ధం చేశారు. ఈ కార్యంలో సేతుమాధవరావు పగడి అనే అధికారి తోడ్పాటు మరువరానిది. 1945లో నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించింది. కరుణ చేతనో, మరొక తిరుగుబాటు వస్తుందన్న భయం చేతనో! బహుశః రెండూ కావచ్చు. కేస్లాపూరు జాతరలో ప్రజల విన్నపాలు వినే దర్బారు కూడా ఆ దశాబ్దంలో మొదలైనదే. 1949 నాటికి జిల్లాలో పదకొండు వేలకు పైగా గిరిజనులకు దాదాపు 1,60,000 ఎకరాల భూమి పట్టాలుగా దక్కింది.

హైమండార్ఫ్ తరువాత లండనులో ఆచార్యులైనా, ఈ కొండలకు పలుమార్లు వచ్చారు. 1970ల చివరలో ఆయన చూసినది సంతోషకరం కాదు. పట్టాలు పొందిన నేలలో చాలాభాగం వలసవచ్చిన వారి వశమైంది. 1981 ఏప్రిల్ 20న భూమి సమస్యపై సమావేశమయ్యేందుకు ఇంద్రవెల్లికి వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించారు. మరుసటి ఏడు ప్రచురించిన గ్రంథంలో, గిరిజనుల భూములు చేజారిన తీరును ఆయన నిష్కర్షగా వివరించారు. తాను చేసిన మేలు నిలువలేదని తానే వ్రాయడానికి ధైర్యం కావాలి.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉన్నది. 1995లో లండనులో మరణించిన హైమండార్ఫ్ అస్థికలను తరువాత తెచ్చి, ఆ ప్రక్కనే నిక్షిప్తం చేశారు. జనవరి 11న గోండులు అక్కడ చేరి వారిని స్మరించుకొంటారు.