టమాటాల పండుగనాటి పిల్ల

ఆడపిల్ల తన దారి తాను వెతుక్కునే కథలకు ఆస్ట్రేలియా చిత్రాలలో లోటు లేదు. 1979లో గిలియన్ ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన 'మై బ్రిలియంట్ కెరీర్' వాటిలో పెద్దక్క వంటిది. అందులో సిబిల్లా రచయిత్రి కావాలని, మనసుపడ్డ ధనికుణ్ణి సైతం కాదంటుంది. గొప్ప చిత్రమే. కాని మనబోటి వారికి మరింత దగ్గరిది 2000లో కేట్ వుడ్స్ తీసిన 'లుకింగ్ ఫర్ అలిబ్రాండి'. మెలీనా మార్కెట్టా తన నవలకు తానే చిత్రకథ వ్రాసింది.

జోసీకి పదిహేడేళ్లు. సిడ్నీలో స్థిరపడిన ఇటలీ వారి యింటి మూడవతరం పిల్ల. ఏటా ఒకనాడు బంధువులంతా పెరట్లో చేరి టమాటాలు పిండి, రసం సీసాల కెత్తుతారు. మనం ఆవకాయ పెట్టుకున్నట్లే! జోసీకి అది నామోషీ. బడిలో పరాయిపిల్ల అన్న చూపు, యింట్లో "నలుగురూ ఏమంటారే?" అనే అమ్మమ్మ. తరాల క్రితం ఊరు మారిన యిండ్లలో యీ బాధ ఎరుగని పిల్ల వుంటుందా?

పెండ్లికాకుండా జోసీని కన్న తల్లిని అమ్మమ్మ ఏనాడూ సాధిస్తూనే వుంటుంది. ఆ అమ్మమ్మ కడుపులోనూ ఒక రహస్యమున్నది. అదేమిటో యిక్కడ చెప్పను. చూడబోయేవారి సరదా చెడుతుంది. అది తెలిసిన క్షణాన పియా మిరాండా ముఖం చూడాలి!

నడుమ ఒక విద్యార్థి ఆత్మహత్య వస్తుంది. చిన్నపిల్లలతో చూచేవారు ముందే తెలుసుకోవడం మంచిది.

ఆఖరున మళ్ళీ టమాటాల రోజే. యీసారి జోసీ ఎక్కడికీ పారిపోదు.