ఆరోగ్య కార్యకర్త శాసనసభకు పోటీ చేస్తే: లాభదాయక పదవి నిబంధన

రాజ్యాంగం 191వ అధికరణాన్ని చదివేటప్పుడు చాలామంది విద్యార్థులు అది పెద్ద నాయకులకు సంబంధించిన తగాదా అనుకుంటారు. కార్పొరేషన్ చైర్మన్ పదవి, సభ్యత్వం రద్దు, సుప్రీంకోర్టు కేసు - పత్రికల్లో మనకు కనిపించేవి ఇవే. అదే నిబంధన పల్లెలో ఇంటింటికీ తిరిగే ఏ.ఎన్.ఎం.కు, ఆశా కార్యకర్తకు ఎలా వర్తిస్తుందో ఈ పాఠ్యభాగంలో పరిశీలిద్దాం. వారికి ఇందులో పోయేది హోదా కాదు, జీవనాధారం.

మీకు సులభంగా అర్థం కావడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. శ్రీ సత్యసాయి జిల్లా ఓబులదేవరచెరువు మండలం పుట్టపర్తి శాసనసభ నియోజకవర్గంలో ఉంది. నల్లమాడ, బుక్కపట్నం, కొత్తచెరువు, పుట్టపర్తి, ఆమడగూరు ఇందులోని మిగతా మండలాలు. ఈ మండలంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక ఏ.ఎన్.ఎం. ఉందనుకోండి. ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ బిడ్డకు టీకా తప్పిందో ఆమెకు తెలుసు. గుడి, కుటుంబం, పెద్దల మాట అంటే ఆమెకు గౌరవం. రాజకీయంగానూ ఆమె సంప్రదాయవాది. ఊళ్లో వాళ్లు "నువ్వే నిలబడమ్మా" అన్నారు.

ఇక్కడ సంప్రదాయవాదం గురించి ఒక మాట చెప్పుకోవాలి. రాజనీతి శాస్త్రంలో ఈ పదానికి మార్పును కాదనడం అని మాత్రమే అర్థం కాదు. మార్పు నెమ్మదిగా రావాలి, కుటుంబం, మతం, స్థానిక పెద్దరికం వంటి పాత వ్యవస్థలను రాజ్యం తేలికగా తోసివేయకూడదు అనే వాదన అది. 1959లో రాజాజీ ప్రేరణతో ఏర్పడి, ఆచార్య ఎన్.జి. రంగా మొదటి అధ్యక్షుడుగా పనిచేసిన స్వతంత్ర పార్టీ ఆర్థిక రంగంలో ఇటువంటి వాదననే వినిపించింది. మన ఉదాహరణలోని ఏ.ఎన్.ఎం. పరిస్థితి మరింత చిక్కైనది. ఆసుపత్రి కాన్పు, కుటుంబ నియంత్రణ, బాల్యవివాహాల వల్ల కలిగే హాని - ఇవన్నీ ఇంట్లోకి రాజ్యం తెచ్చిన మార్పులు. వాటిని గడప దాటించింది ఆమే. అత్తగారిని నొప్పించకుండా కోడలిని ఆసుపత్రికి పంపగలగడమే ఆమెకు ఊళ్లో పలుకుబడి తెచ్చిందని చెప్పవచ్చు. సంప్రదాయాన్ని గౌరవించే మనిషి కాబట్టే ఆమె చెప్పిన కొత్త మాట చెల్లుబాటు అయింది. ఈ పలుకుబడి వోట్లుగా మారుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. పోటీ చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నది ముందు తేలాలి.

అర్హతల విషయం త్వరగా ముగిద్దాం. భారత పౌరసత్వం, 25 సంవత్సరాల వయస్సు ఉండాలి. రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గం వోటర్ల జాబితాలో పేరు ఉండాలి. డిపాజిట్ రూ. 10,000, ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు రూ. 5,000. చెల్లిన వోట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే ఓడిన అభ్యర్థికి ఆ డబ్బు తిరిగి రాదు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్ర అభ్యర్థికి పదిమంది కావాలి. వీటిలో ఏదీ మన ఏ.ఎన్.ఎం.కు అడ్డంకి కాదు.

అడ్డంకి 191(1)(ఎ)లో ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద "లాభదాయక పదవి" నిర్వహిస్తున్న వ్యక్తి శాసనసభ్యత్వానికి అనర్హుడు. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి కొన్ని పదవులకు మినహాయింపు ఇవ్వవచ్చు. ప్రభుత్వం చేతిలో జీతం ఉన్న మనిషి ఆ ప్రభుత్వాన్ని సభలో నిలదీయలేడన్నది ఈ నిబంధన వెనుక ఉన్న ఆలోచన. అయితే లాభదాయక పదవి అంటే ఏమిటో రాజ్యాంగం నిర్వచించలేదు. ఆ పని న్యాయస్థానాలు చేశాయి. నియమించేది ఎవరు, తొలగించేది ఎవరు, జీతం ఎవరి నిధుల నుంచి వస్తుంది, పని మీద అజమాయిషీ ఎవరిది - ఈ ప్రశ్నలను అవి కలిపి చూస్తాయి.

శాశ్వత ఉద్యోగిగా ఉన్న ఏ.ఎన్.ఎం. విషయంలో జవాబు స్పష్టం. ఆమెది ప్రభుత్వ పదవి. పైగా 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగి రాజకీయాల్లో పాల్గొనకూడదు. రాజీనామా తప్పదు.

సొసైటీ ద్వారా కాంట్రాక్టు మీద పనిచేసే వారి సంగతి అంత స్పష్టం కాదు. ఇక్కడ మన రాష్ట్రానికి చెందిన ఒక తీర్పు మీకు బాగా ఉపయోగపడుతుంది. నాగూరు గిరిజన నియోజకవర్గం నుంచి 1989లో గెలిచిన శత్రుచర్ల చంద్రశేఖరరాజు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఎ.) నడిపే ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆయనది లాభదాయక పదవి అంటూ ప్రత్యర్థి వైరిచర్ల ప్రదీప్ కుమార్ దేవ్ ఎన్నికను సవాలు చేశారు. హైకోర్టు ఎన్నికను రద్దు చేసింది. 1992లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. ఐ.టి.డి.ఎ. ఒక రిజిస్టర్డ్ సొసైటీ, దానికి ప్రభుత్వ నిధులు వచ్చినా, దాని మీద ప్రభుత్వానికి కొంత అదుపు ఉన్నా, అందులోని టీచరు ఉద్యోగం ప్రభుత్వం కింద పదవి కాదని తేల్చింది. ఈ తర్కం ఆరోగ్య సొసైటీల కాంట్రాక్టు సిబ్బందికి వర్తిస్తుందని వాదించవచ్చు. కానీ నియామక పత్రం మీద ఎవరి సంతకం ఉంది, తొలగించే అధికారం ఎవరిది అన్న వివరాలను బట్టి ప్రతి కేసూ మారుతుంది.

ఇక ఆశా కార్యకర్త. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఈ వ్యవస్థను తెచ్చింది. సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరు, అదే ఊరి కోడలో బిడ్డో అయి ఉండాలి. ప్రభుత్వ లెక్కలో ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. ఆమెకు అందేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాన్ని నెలకు రూ. 10,000 చేశారు. జీతం, పెన్షన్ అడిగినప్పుడు "మీరు ఉద్యోగులు కారు" అనే జవాబు ఆమెకు అడ్డం పడుతుంది. నామినేషన్ వేసేటప్పుడు మాత్రం అదే జవాబు ఆమెకు అనుకూల వాదన కావచ్చు. అయితే గౌరవ వేతనం అన్న పేరు ఒక్కటే రక్షణ కాదని గుర్తుంచుకోండి. శిబూ సోరెన్ కేసులో (2001) సుప్రీంకోర్టు పేరును పక్కనపెట్టి, అందే డబ్బు ఖర్చుల భర్తీయా, నిజమైన లాభమా అని చూసింది. ఆయన రాజ్యసభ ఎన్నిక చెల్లలేదు. పైగా అనర్హత లేకపోయినా, పోటీ చేసిన ఆశాను పని నుంచి తప్పించకుండా 191వ అధికరణం కాపాడదు.

రాజీనామాలో తేదీ ముఖ్యం. 2024 శాసనసభ ఎన్నికల్లో నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది. నామినేషన్లకు 25 చివరి తేదీ, పరిశీలన 26న. అనర్హత ఉందా లేదా అని రిటర్నింగ్ అధికారి చూసేది పరిశీలన తేదీ నాటికే. రాజీనామా ఇచ్చామనడం చాలదు, దాన్ని ఆమోదించిన ఉత్తర్వు చేతిలో ఉండాలి. మధ్యప్రదేశ్‌లో డిప్యూటీ కలెక్టర్ నిశా బాంగ్రే 2023 జూన్‌లో రాజీనామా చేశారు. ఆమోదం అక్టోబరులో వచ్చింది. అప్పటికి ఆమె కోరుకున్న ఆమ్లా స్థానానికి కాంగ్రెస్ వేరొకరిని ప్రకటించింది. డిప్యూటీ కలెక్టరుకే ఇలా జరిగితే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లా కార్యాలయానికి వెళ్లే కాగితం ఎన్ని బల్లల మీద ఆగుతుందో మీరే ఊహించండి.

రాజీనామాకు, స్వచ్ఛంద పదవీ విరమణకు తేడా కూడా తెలుసుకోవాలి. పాత పెన్షన్ నియమాల కింద, అంటే 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారు, రాజీనామా చేస్తే గత సర్వీసు పోతుంది. 20 సంవత్సరాల అర్హత గల సర్వీసు పూర్తయి స్వచ్ఛంద విరమణ తీసుకుంటే పెన్షన్ నిలుస్తుంది. ఓడిపోతే ఉద్యోగం మాత్రం ఎలాగూ తిరిగి రాదు.

వైద్యరంగం నుంచి చట్టసభలకు వెళ్లినవారు మన రాష్ట్రంలో తక్కువేమీ కాదు. పులివెందులలో ఆసుపత్రి నడిపిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1978లో, నరసరావుపేటలో శస్త్రవైద్యుడైన డాక్టర్ కోడెల శివప్రసాదరావు 1983లో తొలిసారి శాసనసభకు ఎన్నికయ్యారు. సొంత ఆసుపత్రి ఉన్న వైద్యుడికి లాభదాయక పదవి నిబంధన తగలదు. ఓడినా మరునాడు తన ఆసుపత్రి తలుపు తెరుచుకోవచ్చు. అదే రోగుల దగ్గరకు వెళ్లే ఏ.ఎన్.ఎం. మాత్రం బరిలోకి దిగకముందే తన బతుకుతెరువును వదులుకోవాలి. నిబంధన అందరికీ ఒకటే అయినా, దాని బరువు అందరి మీదా ఒకేలా పడదు. ప్రభుత్వ సేవల తటస్థతకు ఇది తప్పదనే వాదనా బలమైనదే. నిన్నటి దాకా టీకా వేసిన మనిషే ఈ రోజు అదే ఉద్యోగంలో ఉంటూ వోటు అడిగితే, ఆ ఇంటివారు కాదనగలరా?

అభ్యాసం: మీ మండలంలో ఒక కాంట్రాక్టు ఏ.ఎన్.ఎం. నామినేషన్ వేశారనుకోండి. ప్రత్యర్థి అభ్యంతరం చెప్పారు. రిటర్నింగ్ అధికారి స్థానంలో ఉంటే మీరు ఏ పత్రాలు అడుగుతారు? 1992 తీర్పును ఆధారం చేసుకొని 20 పంక్తులలో మీ నిర్ణయం రాయండి.