నొప్పి అనే కావలివాడు

పిల్లలూ! మా నేరేడుచర్ల చుట్టుపక్కల నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరిపొలాలు చాలా వున్నాయి. చెప్పులు లేకుండా పొలం గట్టు మీద నడిచేవాడి కాలిలో తుమ్మముల్లు దిగిందనుకోండి. ఏం జరుగుతుంది? ‘అబ్బా!’ అనే లోపలే కాలు పైకి లేస్తుంది. నొప్పి ఆ తరువాతగాని తెలియదు. కాలు ముందు లేవటమేమిటి, నొప్పి వెనక తెలియటమేమిటి?

ఈ వింత అర్థం కావాలంటే మన ఒంట్లో వార్తలు మోసే నరాలను గురించి తెలుసుకోవాలి. చాలామంది ముంజేతి మీద పచ్చగా కనిపించే వాటిని చూపి నరాలంటారు. అవి నరాలు కావు, రక్తం పోయే సిరలు. అసలైన నరాలు తెల్లని దారపు పోగుల కట్టల వంటివి. చర్మం నించి, కండరాల నించి బయలుదేరి వెన్నుపాముకూ మెదడుకూ చేరుతాయి. కొన్ని పోగులు బయటి వార్తలు లోపలికి తెస్తాయి. కొన్ని లోపలి ఉత్తరువులు కండరాలకు చేరవేస్తాయి.

ముల్లు గుచ్చుకోగానే ఆ వార్త వెన్నుపాముకు చేరుతుంది. వెన్నుపాము మెదడు ఆజ్ఞ కోసం కాచుకుని కూర్చోదు. ‘కాలెత్తు!’ అని కండరాలకు తానే ఉత్తరువు పంపుతుంది. వార్త మెదడుకు చేరి మనకు నొప్పి తెలిసేసరికి కాలు లేవనే లేస్తుంది.

ఈ వార్తలు దేని రూపంలో పోతాయి? చాలా స్వల్పమైన విద్యుత్తు రూపంలో. ఇటలీలోని బొలోనా నగరంలో గాల్వానీ అనే శాస్త్రజ్ఞుడు, చచ్చిన కప్ప కాలి నరానికి విద్యుత్తు తాకిస్తే కాలు తన్నుకొంటుందని చూపి, 1791లో ఆ సంగతి ప్రకటించాడు. నరంలో వార్త పోయే వేగాన్ని కొలవటం మనిషి తరం కాదని ఆనాటి పండితులు అనుకొనేవారు. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు కప్ప నరం మీదనే కొలిచి చూపించాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు!

మన నరాల్లో చురుకైన పోగులు ఇంకా వేగంగా, సెకనుకు 50 మీటర్లకు పైగా కూడా వార్త పంపుతాయి. అంటే గంటకు 180 కిలోమీటర్లు. నొప్పిని మోసే పోగుల్లో కొన్ని మాత్రం బహు నెమ్మది. సెకనుకు ఒక మీటరు నడిస్తే గొప్ప. అందుకే కాలి వేలికి రాయి తగిలితే మొదట చురుక్కుమంటుంది, ఒక్క క్షణం ఆగి సలుపు మొదలవుతుంది. ఈసారి దెబ్బ తగిలినప్పుడు గమనించండి.

నొప్పి అంటే ఎవరికీ ఇష్టం లేదు. ‘నొప్పే లేకపోతే ఎంత హాయి!’ అనిపిస్తుంది. కాని నొప్పి మనకు కావలివాడు. కావలివాడు నిద్రపోతే పొలం ఏమవుతుందో, నరం నిద్రపోతే ఒళ్లు అదే అవుతుంది. ఇది ఊహించి చెబుతున్నది కాదు. కుష్ఠువ్యాధిలో జరిగేది ఇదే.

ఈ జబ్బును కలిగించే క్రిమిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనిపెట్టాడు. ఆ క్రిమికి చల్లదనం ఇష్టం. అందుచేత అది చర్మంలోనూ, చర్మానికి దగ్గరగా వుండే నరాల్లోనూ చేరుతుంది. మోచేయి బల్లకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది గదా? అక్కడ ఎముక వెనకగా ఒక నరం పైపైనే పోతున్నది. ఆ నరమంటే ఈ క్రిమికి మరీ ప్రీతి. అది చెడితే చిటికెన వేలూ, ఉంగరపు వేలూ స్పర్శ కోల్పోయి వంకర తిరుగుతాయి.

ఈ జబ్బు వస్తే వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని లోకులు నమ్మేవారు. మన చిత్తూరుకు దగ్గరలోని వేలూరు ఆస్పత్రికి 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు అది నిజం కాదని గ్రహించాడు. వేళ్లను తినేది క్రిమి కాదు, స్పర్శ లేకపోవటం. వేడిగిన్నె పట్టుకున్నా చెయ్యి కాలుతున్నట్లు తెలియదు. కాలిలో మేకు దిగినా తెలియక దాని మీదే నడుస్తారు. పుండు పడినా నొప్పి లేదు గనక కట్టు కట్టుకోరు. అలా దెబ్బ మీద దెబ్బ తగిలి వేళ్లు పోతాయి.

అప్పట్లో రోగులను ఊరి నించి వెళ్లగొట్టేవారు. అటువంటివారి కోసం నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ ఆస్పత్రి స్థాపించింది. 1958లో రాణీ కుముదినీదేవి హైదరాబాదు కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని నెలకొల్పింది.

మరి నరం మేలుకుని వున్నదో, నిద్రపోతున్నదో తెలుసుకోవటం ఎలా? చాలా సులువు. ఊళ్లకు వచ్చే ఆరోగ్య కార్యకర్తలు చర్మం మీద పాలిపోయిన మచ్చ గాని, ఎర్రని మచ్చ గాని వున్నదా అని చూస్తారు. వుంటే కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ను కొనతో మెల్లగా తాకి, ‘ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించు’ అంటారు. సరిగా చూపిస్తే అక్కడి నరం మేలుకునే వున్నది. చూపించలేకపోతే డాక్టరుగారి దగ్గరకు పంపుతారు. డాక్టరుగారు మోచేతి వెనక నరం తడిమి, లావెక్కిందేమో చూస్తారు. చిటికెన వేలు చాపమని, దాన్ని తాము నొక్కి బలం చూస్తారు. కళ్లు గట్టిగా మూసుకోమంటారు.

హైదరాబాదులో నిమ్స్ వంటి పెద్ద ఆస్పత్రుల్లో నరం వేగాన్నే కొలుస్తారు. మణికట్టు దగ్గర ఒకసారి, మోచేతి దగ్గర ఒకసారి నరానికి స్వల్పంగా కరెంటు తాకిస్తారు. చేతి కండరం ఎంతసేపటికి కదిలిందో యంత్రం చెబుతుంది. రెండు చోట్ల మధ్య దూరం 20 సెంటీమీటర్లు, రెండు కాలాల తేడా సెకనులో 1000వ వంతులు 4 అనుకోండి. వేగం ఎంత? పలకో కాగితమో తీసుకుని లెక్క కట్టండి. సెకనుకు 50 మీటర్లు వస్తుంది. నరం బాగున్నదన్న మాట. నరం పైతొడుగు చెడితే వేగం తగ్గిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో రెండు మూడు మందులు కలిపి వాడమని చెప్పిన తరువాత కుష్ఠువ్యాధి పూర్తిగా కుదురుతున్నది. 6 నెలలు గాని, 12 నెలలు గాని మాత్రలు మింగితే చాలు. ప్రభుత్వ ఆస్పత్రిలో అవి ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నించి జబ్బు అంటే భయం పోతుంది. ఒకసారి తాకినంత మాత్రాన ఇది అంటుకోదు. చాలామందికి దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే వుంటుంది.

అయినా ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే రోగుల్లో సగానికి పైగా మన దేశంలోనే వున్నారు. ఎందుకని? మచ్చకు నొప్పి లేదు, దురద లేదు. కనక పట్టించుకోరు. పట్టించుకున్నా, నలుగురూ ఏమంటారో అని దాచుకొంటారు. దాచిన కొద్దీ నరం చెడుతుంది. మందు క్రిమిని చంపుతుంది గాని, పూర్తిగా చచ్చిన నరాన్ని బ్రతికించలేదు. ఆలస్యం చేస్తే పోయేది అదే.

మచ్చలన్నీ కుష్ఠు కావు. చాలా మచ్చలు ఉత్త తామరో, శోభో అయివుంటాయి. అది తేల్చవలసింది డాక్టరుగారు. మీరు చేయవలసిన పనులు రెండే. మీ ఒంటి మీద గాని, ఇంట్లోవారి ఒంటి మీద గాని స్పర్శ లేని మచ్చ కనిపిస్తే సిగ్గుపడక అమ్మకో, నాన్నకో, మీ మాస్టారికో చెప్పండి. ఈ జబ్బుకు మందు తింటున్నవారెవరైనా మీకు తెలిస్తే, వారి పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడండి. మందు ఆస్పత్రివారు ఇస్తారు. పక్కన కూర్చోవలసింది మాత్రం మనమే.